నేను కోసేసిన నాలుగు చుట్లు

మొన్న శ్రావణంలో రామచంద్రపురంలో ఒక రిసెప్షన్‌కి వాయించడానికి వెళ్లాను. వాయించడం అనేది పాత అలవాటు కొద్దీ అంటున్న మాట. ఈ రోజుల్లో నా పని కీబోర్డుకి పెన్ డ్రైవు తగిలించి, పాట తాలూకు మిడీ ఫైలు తెరిచి, స్టార్ట్ బటన్ నొక్కి, కుడిచేత్తో పై వరస ఒక్కటీ వాయించడం. డ్రమ్ములు, బేస్ గిటారు, వయొలిన్లు అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. ఒకప్పుడు పదకొండు మంది కూర్చున్న స్టేజీ మీద ఇప్పుడు నేనూ, ఒక గాయకుడూ, ఒక గాయనీ, యాంకరూ ఉంటాం. ఆ సాయంత్రం పెళ్లికూతురు ఇంకా బ్యూటీపార్లరు నుంచి రాలేదు. జనం ఊరికే కూర్చుంటే బాగుండదని యాంకరు మైకు పుచ్చుకుని కబుర్లు మొదలుపెట్టాడు. "మా ఆర్కెస్ట్రా పార్టీలో పూర్వం ఒక డోలక్ మాస్టారు ఉండేవారండి. ఈ కీబోర్డు సారుకి స్వయానా మేనమామ. ఒక షష్టిపూర్తిలో పాట మధ్యలో కునుకు తీశారండి. మెలకువ వచ్చేసరికి చరణం సగం అయిపోయింది. ఆ కంగారులో ఒక్కటి వాయించారు చూడండి, ఎదర కూర్చున్న పెద్దాయన చేతిలో లడ్డు కింద పడిపోయింది!" జనం నవ్వారు. యాంకరు నిజమే కదా అన్నట్టు నా వైపు చూశాడు. నేనూ నవ్వాను.

లడ్డు సంగతి అతను కల్పించుకున్నదే. కునుకు సంగతి ఎలా పుట్టిందో చెబుతాను. పదిహేనేళ్లుగా నోళ్లలో నలిగి అది చక్కటి హాస్యకథ అయింది గాని, అసలు జరిగింది పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మావయ్య ఆ రోజు నిద్రపోలేదు. లెక్కా తప్పలేదు. లెక్క మార్చింది నేను. మార్చి, ఆయనకు చెప్పలేదు. తర్వాత ఆయనే వచ్చి అడిగితే అబద్ధం ఆడాను. ఆయన ఆ అబద్ధాన్ని నమ్మి, తన బుర్ర మీద తను నమ్మకం వదిలేసుకున్నారు. రిసెప్షన్ నుంచి ఇంటికొచ్చాక నా మనసు కలత చెందిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాను. పన్ను పీకించుకున్న రోజున చెంప మీద వేలితో నొక్కి చూసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అది నా చెంపేనని తెలుస్తుంది, అంతే.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. కాలవ మీద తూములు ఎత్తి దించే లస్కరుగా పనిచేసేవారు. తూము తలుపు ఎంత ఎత్తాలన్నది చక్రం ఎన్ని చుట్లు తిప్పామన్న దాన్ని బట్టి ఉంటుంది. పన్నెండు అంటే పన్నెండే, పదమూడో చుట్టు తిరిగిందంటే దిగువన ఎవరి చేలోనో నారు మునిగిపోతుంది. ఆ లెక్కను డోలక్ మీదికి తెచ్చుకున్నారో, డోలక్ లెక్కనే తూము దగ్గరికి పట్టుకెళ్లారో నేను చెప్పలేను. నాలుగు దెబ్బలు ఆయనకు ఒక చుట్టు. మేమంతా దాన్ని ఇంగ్లీషులో బార్ అని నేర్చుకున్నాం గాని ఆయన ఆఖరిదాకా చుట్టు అనే అన్నారు. నాకు తాళం నేర్పింది నా వీపు మీదే. నేను హార్మోనియం ముందు కూర్చుంటే ఆయన వెనకాల కూర్చుని నా వీపు మీద వేళ్లతో వాయించేవారు. నేను సరిగ్గా ఉన్నంతసేపూ చక్కిలిగిలిగా ఉండేది. తప్పగానే అదే చెయ్యి వేరే రకంగా పడేది. మా అమ్మ వంటింట్లోంచి, "వాడి వీపు డోలక్ కాదురా తమ్ముడూ" అనేది. "కాదక్కా, డోలక్కి ఇంత తోలు ఉండదు" అనేవారు ఈయన.

పార్టీలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ కాగితం మీద రాసింది కాదు, డోలక్ దగ్గర కూర్చున్నవారందరూ పాటించేది. పాట మధ్యలో ఎవరు దారి తప్పినా డోలక్ మాత్రం కదలకూడదు. గాయని తొందరపడి చరణం ముందే ఎత్తుకుందనుకోండి, డోలక్ ఆవిడ వెంట పరుగెత్తదు. తన లెక్కలోనే ఉండి, రావలసిన చోట గట్టిగా ముక్తాయింపు కొడుతుంది. అది విని ఆవిడా, మిగతావాళ్లూ ఒకటి రెండు చుట్లలో సర్దుకుని వచ్చి అక్కడ కలుస్తారు. ఎదర కూర్చున్నవాళ్లకి అసలేం జరిగిందో కూడా తెలియదు. "నేనూ కదిలిపోతే ఇంక మీరంతా ఎక్కడికి తిరిగొస్తార్రా?" అనేవారు మావయ్య. ఇరవై ఏళ్లకు పైగా మేమందరం ఆయన దగ్గరికి తిరిగొచ్చినవాళ్లమే.

ఆ తర్వాత నేను కీబోర్డు కొన్నాను. మిడీ ఫైళ్లు కాకినాడలో ఒకాయన కాపీ చేసి ఇచ్చేవారు. పేర్లు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకి మించకూడదు కనుక ఏ పాట ఏదో తెరిచి వింటే తప్ప తెలిసేది కాదు. భక్తి పాట అనుకుని తెరిస్తే క్లబ్బు డాన్సు పాట వచ్చిన రోజులున్నాయి. ఆ ఫైల్లో ఒక్కో వాద్యానికి ఒక్కో ఛానెల్ ఉంటుంది. అక్కర్లేని ఛానెల్ బటన్ నొక్కి ఆపెయ్యవచ్చు. మా ఫ్లూటు ఆయన రాని రోజున నేను ఫ్లూటు ఛానెల్ ఆపకుండా వదిలేశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆయన్ని పిలవడం తగ్గింది. అలా బేస్ గిటారు ఆయన, తర్వాత వయొలిన్ ఆయన. పార్టీ ఓనరుగారు మావయ్యను మాత్రం వదలలేదు. కాబట్టి ప్రతి పాటకీ ముందు నేను డోలక్ ఛానెల్ ఒక్కటీ ఆపేవాణ్ణి, ఆ ఖాళీలో ఆయన వాయించేవారు. కీబోర్డును ఆయన పెట్టె అనేవారు. "ఏరా, మీ పెట్టె భోంచేసిందా?" అని అడిగేవారు రాగానే. ఒకసారి వినాయక చవితి పందిట్లో పాట సగంలో కరెంటు పోయింది. పెట్టె మూగబోయింది. మావయ్య ఆగలేదు, ఆయన్ని చూసి గాయనీ ఆగలేదు. డోలకూ గొంతూ, అంతే, పాట చివరిదాకా వెళ్లి ఆగవలసిన చోట ఆగింది. జనం ఈలలు వేశారు. ఓనరుగారు చీకట్లోంచి, "మావయ్యగారికి డీజిల్ అక్కర్లేదండోయ్!" అని అరిచారు. నాకు మాత్రం ఆ నాలుగు నిమిషాలూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక ఆ షష్టిపూర్తి. పెద్దాయన తన భార్యకు ఇష్టమైన పాత యుగళగీతం ఒకటి తప్పకుండా వాయించాలని ముందే చెప్పి పంపారు. ఫైలు దొరికింది గాని అందులో ఫ్లూటు ఛానెల్ ఖాళీగా ఉంది. మనమే వాయించుకోవాలని అలా వదిలేస్తారు. రెండో చరణానికి ముందు ఎనిమిది చుట్ల ఫ్లూటు బిట్ ఉంది. మొదటి నాలుగు చుట్లు నెమ్మదిగా నడుస్తాయి. తర్వాతి నాలుగూ మెట్లు దిగుతున్నట్టు గబగబా జారుతూ వస్తాయి. ఆ జారుడు నా కుడిచేతికి రాలేదు. నాలుగు రోజులు సాధన చేశాను. టెంపో తగ్గిస్తే వచ్చేది, అసలు వేగానికి పెడితే ఉంగరం వేలు దగ్గర ముద్దయిపోయేది. అయిదో రోజున ఫైలును కంప్యూటర్లో తెరిచి ఆ నాలుగు చుట్లూ ఎంచి డిలీట్ నొక్కాను. తర్వాతిదంతా ఎడమ వైపుకి జరిగి అతుక్కుపోయింది. విని చూశాను, అతుకు కనబడలేదు. పాట పొడుగైపోతోంది కాబట్టి కుదించానని నాకు నేను చెప్పుకున్నాను.

ప్రోగ్రాం నాటి పొద్దున్న గాయనికి మార్పు చెప్పాను. "మావయ్యగారికి చెప్పారా?" అని ఆవిడ అడిగింది. "అందరికీ చెప్పాను" అన్నాను. చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే "ఆ బిట్ ఎందుకు తీసేశావురా?" అని అడుగుతారు. ఏ సాకు చెప్పినా నా కుడిచేతి వైపు ఒక్కసారి చూస్తారు, ఆయనకు తెలిసిపోతుంది. ఆయన చెవి మీద నాకు ఉన్న నమ్మకం కూడా ఒక కారణమే. ఎలాగూ పట్టుకుంటారులే అనుకున్నాను. మా కట్టుబాటు నాకు గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చినా, ఏమవుతుందిలే అనుకున్నాను.

పట్టపగలు, పదకొండు గంటలు. ఫంక్షన్ హాలు నిండా జనం. ఆ పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం బ్రహ్మాండంగా వచ్చింది. ఫ్లూటు బిట్ మొదలైంది. అక్కడ డోలక్‌కి పని లేదు. మావయ్య ఎప్పటిలాగే రెండు చేతులూ డోలక్ మీద ఆనించి, కళ్లు మూసుకుని లెక్క పెట్టుకుంటున్నారు. నాలుగు చుట్లు అయ్యాయి. గాయని చరణం ఎత్తుకుంది. మావయ్య కనుబొమ్మలు కాస్త కదిలాయి గాని కళ్లు తెరవలేదు. ఆవిడ తొందరపడిందనుకున్నారు. ఆవిడ కోసం, మా అందరి కోసం, తన చోటు కదలకుండా పట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా ఎనిమిదో చుట్టు ఆఖర్న, ఆ పాటలో అన్నిటికన్నా మెత్తటి మాట మీద, ఫెళ్లుమని ముక్తాయింపు కొట్టారు. మనుషులు వాయిస్తున్న పాటైతే మేం అక్కడికి వెళ్లి కలిసేవాళ్లం. ఫైలు కలవదు. గాయని ఫైలుతో వెళ్లిపోతోంది. ఆయన కళ్లు తెరిచి నా వైపు చూశారు, రండ్రా అన్నట్టు. నేను కీబోర్డు స్క్రీన్ వైపు చూశాను. స్టాప్ బటన్ నా ఎడమచేతికి బెత్తెడు దూరంలో ఉంది. నొక్కి, "నా పొరపాటండి, మళ్లీ మొదలుపెడతాం" అంటే సరిపోయేది. అలా చాలాసార్లు అన్నవాళ్లమే. నొక్కలేదు. ఆయన రెండు చుట్లు ఎదురుచూసి, తడబడి, చరణం మధ్యలో అందుకోబోయి, అందక, చేతులు పైకి తీసేశారు. ముందు వరసలోంచి పెద్దాయన తమ్ముడు, "మాస్టారూ, భోజనాలకి ఇంకా టైముందండీ! అప్పుడే నిద్రేంటండీ!" అన్నాడు. హాలంతా నవ్వింది. కునుకు పుట్టింది అక్కడే.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఆయన నా పక్కకి వచ్చారు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ, "ఒరే, ఆ ఫ్లూటు బిట్ ఎన్ని చుట్లురా? ఎనిమిది కదూ?" అని అడిగారు.

"ఎనిమిదే మావయ్యా."

"మరి నేను ఎక్కడ పోగొట్టుకున్నానంటావు?"

"పోనిద్దురూ, పెద్దవారయ్యారు కదా. ఒక్కోసారి అలా అవుతుంది."

ఆయన తల ఊపారు. ఎనిమిదే అని నేను అనకపోయి ఉంటే, పెట్టెలో ఏదో తేడా జరిగిందన్న అనుమానమైనా ఆయనకు మిగిలేది. ఆ అనుమానం కూడా నేనే తీసేశాను. తర్వాతి ప్రోగ్రాంకి పిలిస్తే, "నేను రానురా. లెక్క పోయింది. లెక్క లేనివాడు అక్కడ కూర్చోకూడదు" అన్నారు. ఓనరుగారు రెండుసార్లు బతిమాలారు. మూడోసారి నా వైపు తిరిగి, "అయితే ఆ డోలక్ ఛానెల్ కూడా వదిలెయ్యండి" అన్నారు. అప్పటినుంచి ఆపడం మానేశాను. ఒక బటన్ నొక్కే పని తగ్గింది.

మావయ్య పార్టీ మానేయడంతో అయిపోతే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదేమో. మా తాతగారు, అంటే మావయ్య తండ్రి, ఆఖరి రోజుల్లో మతి తప్పి కన్నకొడుకును ఎవరండీ మీరు అని అడిగారు. ఆ తప్పడం తనకూ మొదలైందని మావయ్య అనుకున్నారు. అత్తయ్యా అలాగే అనుకుంది. కాకినాడ తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే ఇంకా బయటపడలేదని వీళ్లు అర్థం చేసుకున్నారు. జ్ఞాపకశక్తికి మంచిదని రోజూ పొద్దున్నే సరస్వతి ఆకు రసం. ఆ తర్వాత వీధి అరుగు మీద కూర్చుని పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం పైకి చెప్పుకోవడం. నేను వెళ్లినప్పుడు, "చూడరా, తప్పు చెబుతున్నానేమో" అని నాకు ఒప్పజెప్పేవారు. ఒక్కటీ తప్పేవారు కాదు. అయినా సంతోషం ఉండేది కాదు, "ఇవి చిన్నప్పుడు వచ్చినవి, ఇవి పోవు. పోయేది కొత్తదే" అనేవారు. కాలవ గట్టు మీద నడుస్తూ కరెంటు స్తంభాలు లెక్కపెట్టేవారు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టి, రెండు లెక్కలూ ఒకటైతేనే కాఫీ తాగేవారు. అత్తయ్య ఆయన్ని ఒంటరిగా బస్సెక్కనివ్వడం మానేసింది. గుళ్లో భజనకి కూర్చుంటే చేతులు తొడల కింద పెట్టుకునేవారు, పొరపాటున తాళం వెయ్యకుండా. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను. పండగలకీ పబ్బాలకీ వెళ్లి, వాళ్లింట్లో కాఫీ తాగి వస్తూనే ఉన్నాను. చెబుదామని చాలాసార్లు అనుకున్నానని రాయబోయాను. అదీ నిజం కాదు. మొదటి సంవత్సరం అనుకున్నాను, తర్వాత అనుకోవడం మానేశాను.

రిసెప్షన్ అయిన వారానికి వాళ్ల ఊరు వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు. మావయ్య వసారాలో వాలుకుర్చీలో ఉన్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు. మతి ఎక్కడికీ పోలేదు. చేతులు మాత్రం పోయాయి. కీళ్లవాతంతో వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర తిరిగాయి. అత్తయ్య అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టి చెప్పేశాను. ఫైలు, నాలుగు చుట్లు, గాయనికి చెప్పిన అబద్ధం, చేతులు కడుక్కునే చోట చెప్పిన అబద్ధం. చెబుతున్నప్పుడు నా గొంతు యాంకరు గొంతులా మామూలుగానే ఉంది. అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

"అయితే ఎనిమిదీ నేను వేశానా?" అన్నారు మావయ్య.

"వేశారు మావయ్యా. సరిగ్గా ఎనిమిది."

"నాలుగు నువ్వు తీసేశావు."

"అవునండి."

"ఎందుకురా?"

"వాయించడం రాలేదండి. ఆ జారుడు నా చేతికి రాలేదు."

ఆయన నా కుడిచేతి వైపు చూశారు. "ఈ మాత్రం దానికా? చెబితే రెండు పూటలు కూర్చోబెట్టి వీపు మీద వేసి చూపించేవాణ్ణి కదరా" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు ఏదైనా అనిపించేదేమో. తర్వాత తన చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి తడుముకుంటూ, "ఈ మాట అప్పుడే చెప్పాల్సిందిరా. అప్పటికి ఇవి బాగానే ఉండేవి" అన్నారు.

అత్తయ్య లేచి లోపలికి వెళ్లింది. కాఫీ తెచ్చి ఆయన గ్లాసు ఆయన చేతికిచ్చింది. నా గ్లాసు నా పక్కన నేల మీద పెట్టింది. నా మొహం చూడలేదు. ఆయనతోనే అంది, "అయితే రేపట్నుంచి ఆ ఆకు రసం మానేస్తారా?"

"అలవాటైపోయింది కదే. ఉండనీ" అన్నారు ఆయన.

"పదిహేనేళ్లు రుబ్బాను" అంది అత్తయ్య. చిక్కుడుకాయల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

యాంకరుకి ఫోన్ చేసి ఆ కథ ఇంక చెప్పవద్దన్నాను. "ఎందుకు సార్, బాగా పేలుతోంది కదా" అన్నాడు. అతనికి చెప్పాను, ఓనరుగారికి చెప్పాను, తెలిసిన ఆర్టిస్టులందరికీ చెప్పాను. కొందరు "పోనిద్దురూ, ఎప్పటి మాటో" అన్నారు, మావయ్యతో నేను అన్నట్టే. అందుకే ఇలా రాసి పెడుతున్నాను. ఆ పాట వేగంలో నాలుగు చుట్లంటే తొమ్మిది సెకన్లు. ఆ తర్వాత గడిచిన ప్రతి రోజూ ఆయన తెల్లారి లేచి తన బుర్ర పనిచేస్తోందో లేదో చూసుకున్నారు. నేను తెల్లారి లేచి పళ్లు తోముకుని కాఫీ తాగాను. మా ఇద్దరికీ గడిచినవి అవే పదిహేనేళ్లు.